మంత్రుల మీటింగ్‌కు ఒక బుట్ట కాకరకాయలు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర కూరగాయలు ప్యాక్ చేసి విదేశాలకు పంపే షెడ్డులో నా ఉద్యోగం. మంఖాల్ ఊరి యాదమ్మక్క పండించే కాకరకాయంతా మా దగ్గరికే వచ్చేది. పురుగు ఉందని యూరప్ వాళ్లు మన కాకరకాయ వద్దన్నప్పటి నుంచి ఆమె రావడం మానేసింది. ఈ రోజు సాయంత్రం నెత్తిన బుట్టతో మళ్లీ వచ్చింది.

తప్పు నాదే. వచ్చే వారం యూరప్ మంత్రులంతా కూర్చుని సేద్యం, చేపలు, వ్యాపారం, ఫ్యాక్టరీలు అన్నీ మాట్లాడతారని నిన్న ఫోన్‌లో చెప్పాను.

"గీ కాయలు ఆ మీటింగ్‌కు పంపు తమ్మీ," అంది.

"అట్ల పంపరాదక్కా."

"ఎందుకు రాదు? మా ఊర్ల పంచాయితి కూసుంటే, ఎవల ముచ్చట ఉంటే వాళ్లే పెద్దమనుషులకు అన్నం పెడ్తరు. తినకుంట మంచిదో చెడ్డదో ఎట్ల చెప్తరు? చేపల ముచ్చట గూడ ఉన్నదంటివి, జల్ది లేవరు. ఆకలైతది."

అప్పుడే ఒక విమానం మా మీదుగా పడమటికి తేలిపోయింది. చుక్కంత అయ్యేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆ కాసేపు నాకూ కనిపించింది: పొడవాటి బల్ల, కోట్లు వేసుకున్న మంత్రులు, మధ్యలో పొగలు కక్కుతున్న కాకరకాయ వేపుడు.

కాదనలేక బుట్ట అందుకున్నాను. గేటు దాకా వెళ్లిన యాదమ్మక్క వెనక్కి తిరిగింది.

"తిన్నంక బుట్ట వాపస్ పంపుమను తమ్మీ."

బుట్ట ఇప్పుడు మా వంటింట్లో ఉంది. రేపే ఆమెకు ఇచ్చేయనా, వచ్చే వారం మంత్రులు లేచేదాకా ఆగనా? మీరే చెప్పండి.