గోమార్లు లేని ఇల్లు

కుక్కకు గోమార్లు పట్టాయని బయట చెప్పకూడదట. పిల్ల తలలో పేలున్నాయని బడి గేటు దగ్గర ఎవరూ చెప్పుకోరు కదా, ఇదీ అంతేనట. ఈ సూత్రం మా ఆయనది. దాని వల్ల ఒక మూగజీవానికి ఏం జరిగిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

ఏప్రిల్ చివర్లో ఒక పెళ్లికి వెళ్తూ కుక్కను ఉయ్యూరులో మా పెద్దాడపడుచు ఇంట్లో దింపాం. బెజవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో పెరిగిన కుక్క అది. అక్కడ గేదెలు, గడ్డివామి, ఇంటి వెనక చెరకు తోట, గుమ్మం ముందు పడుకునే ఊరకుక్కలు. దానికి పండగే. తిరిగి తెచ్చాక సోఫాలో నా పక్కన పడుకుని ఒకటే గోక్కుంటుంటే చెవి మడత తిప్పి చూశాను. బూడిద రంగులో ఆముదపు గింజల్లా ఉబ్బి ఉన్నాయి. వేళ్ల సందుల్లో చిన్నవి, ఇంకా రక్తం తాగనివి. పట్టకారు తెచ్చి ఒక్కొక్కటే తీసి సబ్బునీళ్లలో వేశాను. వాటిలో కొన్నింటిని, ఎందుకైనా మంచిదని, ఒక ఖాళీ మాత్రల సీసాలో దాచాను.

"వదిన వాళ్లింట్లో పట్టాయండీ ఇవి" అన్నాను మా ఆయనతో.

నేనేదో నేరం మోపినట్టు చూశారు. "మా అక్క ఇంట్లో గోమార్లా? ఆవిడ ఇల్లెంత శుభ్రంగా ఉంచుతుందో నీకు తెలీదా?"

"ఇంటినేమీ అనట్లేదండీ. గేదెల కొట్టం ఉంది, ఆ కుక్కలున్నాయి..."

"సర్లే. ఫోన్లో అక్క దగ్గర మాత్రం ఈ మాట అనకు. బాధపడుతుంది."

మే నెల వచ్చాక కుక్క తిండి మానేసింది. చికెన్ ముక్క పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. ఒళ్లు కాలిపోతోంది. చిగుళ్లు పాలిపోయాయి. పక్కింటావిడ వచ్చి చూసి ఎండ అంది. వాచ్‌మన్ ఎండన్నాడు. పాలబ్బాయి దాని ముఖం కూడా చూడకుండానే ఎండన్నాడు. మా ఊళ్లో మే నెలలో ఏ జబ్బుకైనా అదే పేరు. మా ఆయనకు ఆ పేరు బాగా నచ్చింది. మజ్జిగ పట్టారు, గ్లూకోజు నీళ్లు పట్టారు, తడి తుండు కప్పారు. గోమార్ల వల్ల కూడా జ్వరం వస్తుందట, రక్త పరీక్ష చేయిద్దామని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే, చివరికి డాక్టరు దగ్గరికి బయల్దేరడానికి ఒప్పుకున్నారు.

బయల్దేరే ముందు ఏం చేశారో చెప్పనా? జ్వరంతో ఉన్న కుక్కకు షాంపూతో స్నానం చేయించారు. ఒకటీ అరా మిగిలిన గోమార్లను కూడా ఏరేసి, తుడిచి, దువ్వి, పౌడరు చల్లారు. ఇదేమిటండీ అంటే, "మనం డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకోమా?" అన్నారు. నేను దాచిన సీసా కోసం చూస్తే అది చెత్తబుట్టలో కూడా లేదు. కిందికి తీసుకెళ్లి మరీ పారేసి వచ్చారు.

డాక్టరు గారు చిన్నవాడు, మర్యాదస్తుడు. చెవుల్లో, వేళ్ల మధ్య, తోక కింద వేళ్లు పెట్టి వెతికారు. ఏముంటుంది అక్కడ? పౌడరు వాసన తప్ప.

"ఈ మధ్య గోమార్లేమైనా పట్టాయా సార్?" అని అడిగారు.

"అబ్బే, మా ఇంట్లో అలాంటివి ఉండవండీ. ఫ్లాటు కదా, బయటి కుక్కలతో కలవనే కలవదు."

"మొన్న ఉయ్యూరులో..." అన్నాను నేను.

"ఆఁ, ఉయ్యూరు వెళ్లిందండీ. అక్కడ చేలో ఎండకి బాగా తిరిగింది" అని నా మాటను ఆయనే పూర్తి చేశారు.

"అది కాదండీ. చెవుల్లో ఉన్నవి నేనే తీశాను, నా చేత్తో."

మా ఆయన నవ్వారు. "పల్లేరుకాయలండీ అవి. కళ్లజోడు లేకపోతే ఈవిడకి అన్నీ గోమార్లే."

డాక్టరు గారూ నవ్వారు. నవ్వి సెలైన్ ఎక్కించి, జ్వరానికి సూది వేసి పంపారు. రక్తం తీయలేదు. దారంతా మా ఆయన డాక్టరు చాలా మంచివాడని మెచ్చుకుంటూ కారు నడిపారు.

సూదికి జ్వరం తగ్గింది. చూశావా అన్నారు. తర్వాత ఒక పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్లాక, వంటింటి గుమ్మం దగ్గర నేల మీద రక్తపు బొట్లు కనిపించాయి. కుక్క ముక్కులోంచి కారుతోంది. పొట్ట మీద చర్మం కింద ఎర్రటి మచ్చలు. దాన్ని దుప్పట్లో చుట్టుకుని ఆటో ఎక్కాను. పోతుందేమోనని దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

ఈసారి డాక్టరు గారు నవ్వలేదు. కాలి నరంలోంచి రక్తం తీశారు. చెవి కొసన పొడిచి ఒక చుక్కను గాజుపలక మీద పల్చగా రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఇంకో చుక్కను కరోనా రోజుల్లో మనం ముక్కులో పుల్ల పెట్టి చూసుకున్నటువంటి కిట్టులో వేశారు. కాసేపటికి రెండో గీత వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని మిషను చెప్పింది. గోమార్లు కుట్టినప్పుడు ఒంట్లోకి వెళ్లిన క్రిమి తెల్ల కణాల్లో చేరి కూర్చుందట.

"ఈ కిట్టు కూడా మొదటి రోజుల్లో వేస్తే ఒక్కోసారి ఏమీ చూపించదమ్మా. పలక మీద అన్నిసార్లూ క్రిమి దొరకదు. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతాం, గోమార్లు చూశారా అని. ఆ రోజే చెప్పుంటే వెంటనే మందు మొదలుపెట్టేవాళ్లం."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు అడిగింది ఆయన్ని. చెప్పింది నేను" అన్నాను.

ఆయన తల దించుకుని మందుల చీటీ రాశారు.

సాయంత్రం ఈ సంగతంతా విన్నాక మా ఆయన ఫోన్లో అందరికీ చెప్పడం మొదలుపెట్టారు, గోమార్ల ఊసు లేకుండా, "ప్లేట్‌లెట్లు పడిపోయాయండీ" అని. ప్లేట్‌లెట్లు పడిపోవడం మా అపార్టుమెంటులో పరువైన జబ్బు. డెంగీ వచ్చిన ప్రతి ఇంట్లోనూ విన్న మాటే. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం తీసి గ్లాసుతో తెచ్చింది. నేను దాన్ని సింకులో పారబోశాను.

మాత్రలు నెల రోజులు మింగింది. లేచింది, తింది, తోకూపింది. కానీ ఎడమవైపు నుంచి వెళ్తే ఉలిక్కిపడేది. ఆ పక్కన బిస్కెట్టు పెడితే కనుక్కోలేకపోయేది. కన్ను వెనక రక్తం చేరిందని, ఆ చూపు ఇక రాదని డాక్టరు గారు చెప్పారు. మందు త్వరగా మొదలుపెట్టి ఉంటే ఇంతదాకా రాకపోయేదేమోనని కూడా అన్నారు. ఆ మాట నేను వినకపోయినా బాగుండేది.

వానలు మొదలయ్యాక ఆడపడుచు మా ఇంటికి వచ్చింది. కుక్క ఆవిడ చీర అంచు వాసన చూస్తూ బల్ల కోడుకు గుద్దుకుంది.

"దీని కన్నేమైందిరా?"

"అది పుట్టుకతోనే కొంచెం తేడా అక్కా. ఇప్పుడు బయటపడింది" అన్నారు మా ఆయన.

ఇక నావల్ల కాలేదు. "గోమార్ల జ్వరం వదినా. మీ ఊళ్లో పట్టినవి. డాక్టరు గారికి చెప్పనివ్వలేదు."

వదిన ముఖంలో కోపం కోసం చూశాను. అలాంటిదేమీ లేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"చెప్పనివ్వకపోవడమేంటి? కారెక్కేటప్పుడే చెప్పాను కదరా నీకు, కొట్టంలో తిరిగింది, ఒళ్లంతా పట్టుంటాయి, ఇంటికెళ్లగానే చూసి ఏరెయ్యమని. గేదెలున్న కొంపలో గోమార్లుండక మల్లెపూలుంటాయా?"

మా ఆయన కుక్కను దగ్గరికి పిలిచారు. అది పిలుపు వినపడిన వైపుకు కాకుండా నా వైపు వచ్చింది.