మంచి కాలికి కట్టిన పట్టీ

ఇస్నాపూర్‌లో బస్సెక్కి కూర్చోగానే కుడి మోకాలికి పట్టీ చుట్టుకోవడం మొదలుపెట్టాను. ముందురోజు ప్రాక్టీసులో బెణికింది. పటాన్‌చెరులో కబడ్డీ టోర్నమెంటు. మా జట్టులో కూతకు వెళ్ళేది ముఖ్యంగా నేనే. బస్సు కుదుపులకు పట్టీ జారిపోతోంది.

పక్క సీట్లో నడివయసు ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏ కాలు నొస్తున్నది బిడ్డా?"

"కుడిదే, అక్కా."

"మరి దానికే కడుతున్నవేంది? గీడ పట్టుకోర్రి అని వాళ్లకు సూపెట్టినట్టే గదా! మంచి కాలుకు కట్టు. జెర దాని మీదనే కుంటు. మేం ఆడేటప్పుడు గట్లనే చేసేటోళ్లం."

ఎదురు చెప్పబుద్ధి కాలేదు. పట్టీ విప్పి ఎడమ కాలికి చుట్టాను.

గ్రౌండులో మళ్ళీ కనిపించింది. అవతలి జట్టు కెప్టెన్‌ని ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లుతోంది. ఇద్దరిదీ ఒకటే ముఖం, తల్లీకూతుళ్ళని ఎవరైనా చెబుతారు. నన్ను చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ నోరు కూతురి చెవికి జానెడు దూరంలో ఉంది. ఒక్క మాట అంటే నా పని అయిపోయినట్టే.

విజిల్ పడింది. కూత పెడుతూ గీత దాటానో లేదో, కెప్టెన్ నా కాళ్ళ మీదికి దూకింది.

పట్టుకున్నది ఎడమ కాలు.

గట్టి కాలు కదా, ఆమెను ఈడ్చుకుంటూ వచ్చి మధ్య గీత తాకాను. మా వాళ్ళు ఒకటే అరుపులు. లేచి ఆవిడ వైపు చూశాను.

తల వంచుకుని, దువ్వెనలో చిక్కిన కూతురి వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తోంది.