అప్పమ్మ నడక

తూలుతూ నడిచే మనిషిని చూస్తే ముందు తాగుడే గుర్తుకు వస్తుంది. కాళ్ళు మనసు చెప్పుచేతల్లో ఉంటాయనీ, అవి తప్పాయంటే తప్పు మనసుదేననీ మనం నమ్ముతాం. వాట్‌గంజ్ వీధులు ఊడ్చే అప్పమ్మ విషయంలో ఆ నమ్మకం నిలవలేదు.

ఆమె తల వెనకభాగంలో, చిన్నమెదడు నట్టనడుమ కణితి లేచింది. వైద్యులు కోసి తీశారు. దానితో కొంత మెదడూ పోయింది. చిన్నమెదడుకు ఇరుపక్కలా రెండు భాగాలు, వాటి మధ్య పురుగు ఆకారంలో సన్నని పట్టీ ఉంటాయి. చేతుల నేర్పును పక్క భాగాలు చూసుకుంటాయి. ఒంటిని నిలబెట్టడం, నడకను సరిదిద్దడం ఆ నడిమి పట్టీ పని. అందుకే గోడకు ఆనుకుని కూర్చుంటే అప్పమ్మ సూదిలో దారం ఎక్కించగలదు. లేచిందంటే మాత్రం పడవలో నిలబడ్డట్టు ఊగుతుంది. ఆ ఊపును ఎంత మనోబలమూ ఆపలేదు.

తిరిగి పనిలో చేరిన కొద్ది రోజులకే, పొద్దున్నే తాగి వస్తోందని వీధివాళ్ళు ఫిర్యాదు చేశారు. మేస్త్రీ సత్యారావు చెడ్డవాడు కాడు. డిపోలో కూర్చుని చీపుళ్ళు కట్టే పని ఇస్తానన్నాడు. భర్త దుర్గారావు సంతోషించాడు. వీధి వదలనంటే కనీసం చేతికర్ర పట్టుకోమన్నాడు.

“కర్రుంటే జబ్బు మడిసని తెలుస్తాదే. తాగిందని ఎవుడూ అనడు.”

“నాను తాగనేదని రోజూ ఈదంతా సాచ్చికం ఎట్టుకు తిరగాలేటి?”

ఆమె అడిగింది మాత్రం ఇంటింటికీ ఈల ఊది చెత్త సేకరించే తోపుడుబండి. అది మగవాళ్ళ పనని సత్యారావు అడ్డు చెప్పాడు. ఆమె వినకపోయేసరికి, తోసి చూపమన్నాడు. ఖాళీ బండి చప్పున ముందుకు జారింది. వెంటే ఆమె మోకాళ్ళ మీద పడింది. అప్పుడే ఏ సారాకొట్టు తెరిచారోనని ఒకడు నవ్వాడు. సత్యారావు ఇక చాలన్నాడు.

“ఖాళీ బండిస్తే పరిగెట్టదేటి దాదా? బరువెయ్యి, అప్పుడు సూడు.”

సగం దాకా చెత్త నింపారు. బరువెక్కిన బండి నెమ్మదించి, ఆమె చేతులకు ఎదురు నిలిచింది. పిడి బిగించి పట్టి, కాళ్ళు ఎడంగా వేస్తూ, గేటు దాకా వెళ్ళి వచ్చింది. నడుము ఊగుతూనే ఉంది. మలుపులో మళ్ళీ పడబోయింది. దీన్ని విజయమనడం తొందరపాటు. సత్యారావు మాత్రం కాదనలేకపోయాడు.

అప్పమ్మ చీపుళ్ళు కట్టడానికి వెళ్ళలేదు, కర్ర పట్టలేదు. బండి తీసుకుంది. పొద్దున బయలుదేరేటప్పుడు దాని అడుగున ఇటుకలు వేసుకుంటుంది. తాగావా అని అడిగేవాళ్ళకు జబ్బు సంగతి చెప్పదు.