పెద్దమ్మ మానేసిన చుట్ట

మా పెద్దమ్మ పోయిన బుధవారం తెల్లవారుజామున కన్నుమూసింది. అంగిలి మీద లేచిన పుండు కేన్సరై గొంతుకు దిగింది. ఆఖరికి మంచినీళ్ళు కూడా మింగనివ్వలేదు. తుని పక్క పల్లెలో వరి ఊడ్పులకి వెళ్ళి బతికిన ఆడమనిషి పోతే ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

ఆవిడ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి చెబుతాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఇంకా ఉంది. "వానలో వంగి నాటేస్తుంటే పైనున్న నిప్పు ఆగుద్దేంట్రా? లోపలుంటే ఆరదు" అనేది. అంత నిప్పు నోట్లో ఉండగానే, పక్క వరసలో వాళ్ళతో పరాచికాలాడేది.

అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతే నన్ను సాకింది ఆవిడే. పెద్దయ్యాక నేను సంఘం కరపత్రాలు తెచ్చి అరుగు మీద గట్టిగా చదువుతుంటే బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. కూలీల హక్కుల మీద ఒకటి చివరిదాకా విని, "బాగానే ఉంది. రాసినాయన ఎప్పుడైనా నాటేశాడా?" అంది.

మా వీధిని ఒక ఆరోగ్య సర్వేలో చేర్చుకున్నారు. ఎవరు ఏం తింటున్నారు, ఏం కాలుస్తున్నారు, ఎవరికి బీపీ, షుగరు, కేన్సరు వస్తున్నాయి అని ఏళ్ళ తరబడి అవే ఇళ్ళకి వచ్చి అడుగుతారు. నాకు ఒళ్ళు మండేది. మా రోగాలు మీకు లెక్కలా అని సర్వే అమ్మాయిని వీధిలోనే నిలదీశాను.

"లెక్క తేలకపోతే రోగం ఎందుకొచ్చిందో మీకెవరు చెబుతారండి?" అంది ఆ అమ్మాయి, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండానే. పెద్దమ్మ నన్ను లోపలికి తోసి ఆ పిల్లకి మజ్జిగ ఇచ్చింది.

తంటా అక్కడే వచ్చింది. ఇంటికొచ్చిన మనిషి నొచ్చుకునే మాట మావాళ్ళు చెప్పరు. ఎండనపడి వచ్చిన పిల్ల "చుట్ట మానేశారా మామ్మగారూ?" అని ఆశగా అడిగితే పెద్దమ్మ "మానేశానమ్మా" అనేసింది. వీధిలో మిగతా ఆడవాళ్ళూ అంతే. వాళ్ళ దృష్టిలో అది అబద్ధం కాదు, మర్యాద. ఆ అమ్మాయి పొంగిపోయి, ఊళ్ళో పెట్టిన మీటింగులో పెద్దమ్మను నిలబెట్టి, "మామ్మగారిని చూసి నేర్చుకోండి" అని అందరిచేత చప్పట్లు కొట్టించింది. పెద్దమ్మకి నిజం చెప్పే దారి మూసుకుపోయింది ఆ చప్పట్లతోనే.

ఆ తర్వాత చుట్ట పెరట్లోకి, పశువుల పాక వెనక్కి మారింది. సర్వే అమ్మాయి వస్తుందంటే వాసన రాకుండా లవంగం చప్పరించేది. ఆ అమ్మాయి పుండ్లున్నాయేమో చూస్తాను, నోరు తెరవమంటే, "పళ్ళన్నీ రాలిపోయాక ఏం వెతుకుతావే, రాలినవాటినా?" అని నవ్వించి పంపేసేది.

ఒకరోజు ఆవకాయ వేసుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నం జావలా పిసికి తాగింది. నోరు తెరవమన్నాను. తెరవలేదు.

"ఆసుపత్రికి పద."

"పోతే ఆ పిల్లకి తెలిసిపోద్ది."

"తెలియనీ."

"అందరి ముందూ నన్ను చూపించి గొప్పగా చెప్పుకుందిరా. ఇప్పుడు దాని మొహం ఏమవుద్ది? పైవాళ్ళు తిట్టరూ?"

"నీ మర్యాద తగలెయ్య, చచ్చిపోతావు పెద్దమ్మా" అని అరిచాను.

"అరవకు. అరుపులకి జడిసి పుండు పారిపోదు."

ఎదుటివాడి దౌర్జన్యాన్ని ఎలా నిలదీయాలో కరపత్రాల్లో ఉంది. మంచితనాన్ని ఎలా నిలదీయాలో ఎక్కడా లేదు. నేనే ఆ అమ్మాయికి చెప్పేస్తానంటే, నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఆవిడ తన మాటలో ఇరుక్కుంది, నేను ఆవిడ మాటలో. రోజూ ఆ ఇంట్లోనే తిని, ఆ జావ చూస్తూ, నోరు మూసుకుని తిరిగాను.

దవడ కింద గడ్డ పైకి కనబడ్డాక దాచడానికి వీల్లేకపోయింది. కాకినాడ తీసుకెళ్ళాం. చాలా ముదిరిపోయిందన్నారు. "మీ టైము పాడు చేశానండి బాబూ" అంది పెద్దమ్మ డాక్టరుగారితో. ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడాలని నాకు నేర్పింది ఆవిడే. ఆ గుణం వల్లే నేను పెరిగాను. ఆ గుణమే ఆవిడని తీసుకుపోయింది. ఈ రెండూ ఎలా కలిపి మోయాలో తెలియడం లేదు.

నిన్న సర్వే అమ్మాయి వచ్చింది. సర్వేలో ఉన్న మనిషి పోతే ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకోవాలట. "మామ్మగారు చుట్ట మానేశాక మళ్ళీ ఎప్పుడైనా కాల్చారాండి?" అంది. ఒట్టు దాటేశాను.

"అసలు మానలేదండి. మీరు నొచ్చుకుంటారని అలా చెప్పింది."

ఆ అమ్మాయి ట్యాబ్ ఒళ్ళో పెట్టేసుకుంది. "మానలేదని చెప్పినా రాసుకునేదాన్ని కదండీ. అదీ నాకు కావలసిన జవాబే" అంది. "నేనెందుకు కొట్టించాను ఆ చప్పట్లు?"

పెద్దమ్మతో ఊడ్పులకి వెళ్ళే ఎదురింటి మామ్మ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింది. లోపలికి వచ్చి ఆ పిల్ల పక్కన కూలబడింది.

"నేనూ మానలేదే అమ్మాయ్. ఏమీ అనుకోకు."

అని, మొహం వెలుతురుకేసి ఎత్తి, నోరు తెరిచింది. ఆ అమ్మాయి ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మామ్మ మాత్రం మూయలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నోరు అలాగే తెరుచుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు కూర్చుంది.