లింగమూర్తి కంచు పోత

సిద్దిపేటలో కంచు గంటలు పోసేవాళ్లు ఇంకా ఎవరున్నారని అడిగితే లింగమూర్తి ఇల్లే చూపిస్తారు. అరవై రెండేళ్ల మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మట్టి మూసలో కరిగిన కంచు పోశాక, అన్నం వండుకుని, అందరూ తిని చేతులు కడుక్కున్నాకే మూస పగలగొట్టాలి. ఎందుకని అడిగితే, "మా నాయిన గట్లనే చేసిండు" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు.

ఆయన కూతురు నవత నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. పోసిన లోహం లోపలిదాకా ఎంతసేపట్లో గట్టిపడుతుందో చెప్పే ప్రోగ్రాం రాసింది. కంప్యూటర్ గంటను వేల చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక గడి నుంచి పక్క గడికి క్షణక్షణం ఎంత వేడి పోతుందో లెక్కేస్తుంది. అసలు పోత మీద ఆ లెక్క రుజువైతేనే థీసిస్. కొమురవెల్లి గుడికి మొక్కు గంట పోసే రోజు కుదిరింది. పన్నెండు నిమిషాలు చాలంది కంప్యూటర్. నేనూ చూసి సరేనన్నాను. నా తలకాయ!

పొద్దున పదింటికి, నేను పక్కనే నిలబడి చూస్తుండగా, లింగమూర్తి పోత పోశాడు. సమయం కాగానే నవత ఫోను చూసి, "బాపూ, గట్టిపడ్డది" అంది. లింగమూర్తి మూస మీద తడి గోనె పరిచి, కాసేపు చెయ్యి ఆనించి వేడి చూశాడు. తర్వాత సుత్తి అందుకున్నాడు.

"గదేందయ్యా, ఇంక ఎసరే పెట్టలే!" అని భార్య పెంటవ్వ అరిచింది.

మట్టి పెళ్లలు రాలాయి. కొక్కెంతో గంటను కదిలించగానే అంచు చిట్లి, లోపల ఇంకా కరిగే ఉన్న కంచు ఆయన కుడి పాదం మీదికి జారింది.

తప్పెక్కడో ఆ సాయంత్రం దవాఖాన బెంచీ మీదే దొరికింది. గట్టిపడేటప్పుడు లోహం తనలో దాచుకున్న వేడినంతా వదులుతుంది. అది అయ్యేదాకా చల్లబడటం దాదాపు ఆగిపోతుంది. మేం క్లాసులో చెప్పే మొదటి పాఠమే ఇది. ఆ వేడిని నవత లెక్కలో కలపలేదు, సిగ్గులేకుండా నేనూ గమనించలేదు. కలిపితే యాభై నిమిషాలొచ్చింది.

నవత ఏడుస్తూ తండ్రి మంచం పక్కన కూర్చుంది.

"గోనె మీద చెయ్యి పెట్టినవ్ గద బాపూ. లోపల ఇంక కరిగే ఉన్నదని నీకు ఎరుక కాలేదా?"

"అయింది."

"మరెందుకు పగలగొట్టినవ్?"

లింగమూర్తి తలుపు దగ్గరున్న నన్ను ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ సారు నిలబడ్డడు గద బిడ్డా. ఆయన ముంగట నీ లెక్క తప్పని నా నోటితోని ఎట్ల అనాలె?"