జెల్లలు తినే వేళ

మా హాల్లో ఉన్న చేపల తొట్టి నా భార్యది. పెళ్లయ్యాక కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చిన రోజు సామానంతా వ్యానులో వెనక వస్తే, అయిదు చేపలున్న మూత బకెట్ మాత్రం ఆమె ఒళ్లో వచ్చింది. అవి అక్వేరియం షాపుల్లో దొరికే చిన్న రకం క్యాట్‌ఫిష్‌లు. వేలెడు పొడుగు, మూతి దగ్గర మీసాలు, పొద్దస్తమానం అడుగున ఇసుకను తడుముకుంటూ తిరగడం. ఇంట్లో అందరం జెల్లలనే అంటాం. పైన గుంపుగా తిరిగే చారల చేపలు తర్వాత నేను కొన్నవి. రంగు చూసి కొన్నాను. తిండి దగ్గర అవెంత దూకుడుగా ఉంటాయో షాపువాడు చెప్పలేదు, నేను అడగలేదు.

పైచేపలు తినగా మిగిలింది కిందికి రాలుతుంది, జెల్లలకు అది చాలు అనుకునేవాణ్ణి. ఆ మాటే అంటే ఆమె నవ్వలేదు.

"రోజూ అందరూ తిన్నాక విస్తళ్లలో మిగిలిన మెతుకులు మీకు పెడితే తెలుస్తుంది," అంది.

ఆమె పద్ధతి వేరు. ముందు తొట్టికి ఒక మూలన పైపైన రేకుల్లాంటి మేత చల్లేది. చారల చేపలన్నీ అక్కడికి పోగయ్యేవి. ఆలోపు రెండో మూలన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఇసుకకు ఆనేలా దించి, అందులోంచి నీళ్లలో మునిగే బిళ్లలు జారవిడిచేది. పైవాటికి సంగతి తెలిసేసరికి జెల్లలు సగం తినేసి ఉండేవి.

సీమంతం అయ్యాక ఆమె పురిటికి కోదాడ వెళ్లింది. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడి చాలాసేపవుతుంది. కాబట్టి సాయంత్రం మేత వెయ్యాల్సింది అమ్మే. అమ్మకు కుడిచెయ్యి కొంచెం వణుకుతుంది. గొట్టం పట్టుకుంటే బిళ్ల దారిలోనే బయటపడి, ఇసుకను చేరకముందే చారల చేపల నోట్లోకి పోయింది. అందుకని గొట్టం అవసరం లేని పద్ధతి ఒకటి నేనే తయారుచేశాను. తొట్టి లైటుకు టైమర్ ప్లగ్గు పెట్టి, అమ్మకు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఒకటి, ఆరింటికి లైటు దానంతటదే ఆరిపోతుంది. రెండు, పైచేపలు సద్దుమణిగేదాకా కాసేపు ఆగాలి. మూడు, బిళ్లలు వెయ్యాలి. చీకట్లో చారల చేపలకు మేత కనపడదు. జెల్లలకు కళ్లతో పనిలేదు, మీసాలతోనే వెతుక్కుంటాయి.

"చేపలకు గూడ గోలీలేనారా?" అంది అమ్మ డబ్బా మూత తీసి వాసన చూస్తూ. "నాకు పొద్దుగాల బీపీ గోలీ, వీటికి మాపటి గోలీ. ఇగ ఇల్లంత దవాఖానే."

పొద్దున నేను బస్సుకు బయలుదేరే ముందు కోదాడ నుంచి వీడియో కాల్ వచ్చేది. ఆమె నన్నూ అడిగేది, అమ్మనూ అడిగేది, చివరికి జెల్లల దగ్గరికి వచ్చేది.

"పొట్టలు చూపించండి."

జెల్లకు కడుపు నిండిందో లేదో పక్కనుంచి చూస్తే తెలియదు. అది అద్దం మీదికి వచ్చి వేలాడినప్పుడు కింది నుంచి చూడాలి. నిండితే పొట్ట ఉబ్బెత్తుగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. మొదట్లో బాగానే ఉన్నాయి. తర్వాత బల్లపరుపుగా అయ్యాయి. ఆమెకు తొమ్మిదో నెల వచ్చేసరికి లోపలికి గుంటపడ్డాయి. అన్నిటికంటే చిన్నది రాయి పక్కన ఒక వైపు ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టింది.

మిల్లులో మిషన్ ఆగితే పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ రావడం నాకు అలవాటు. తొట్టినీ అలాగే చూశాను. ముందు నీళ్లు. మాకు కృష్ణా నీళ్లు రాని రోజున బోరు నీళ్లే దిక్కు, వాటి గట్టిదనం వల్లేమోనని పరీక్షించాను. బాగానే ఉన్నాయి. ఫిల్టర్ విప్పి కడిగాను. బిళ్లలు పాతబడ్డాయేమోనని కొత్త డబ్బా కొన్నాను. కడుపులో పురుగులున్నాయేమోనని వాటికీ మందు వేశాను. డబ్బాలో బిళ్లలు రోజూ తగ్గుతున్నాయి. ఇసుక మీద ఒక్క తునకా మిగలడం లేదు. మేత పోతోంది, పొట్టలు నిండడం లేదు. ఈ రెండు ముక్కలూ నా లెక్కలో ఎక్కడా కలవలేదు.

"ఒక్కసారి కారులో వచ్చి చూసి వెళ్లిపోతానండీ," అంది ఆమె ఒకరోజు. వెనక నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది: "డాక్టరమ్మ మంచం దిగొద్దంటే చేపల కోసం హైవే ఎక్కుతుందంట!"

ఆమె ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని నెమ్మదిగా అంది. "దానికేమన్నా అయితే నాకు దాచొద్దు. ఈ స్థితిలో ఉందిలే అని అందరూ దాస్తారు. మీరు మాత్రం దాచొద్దు."

దాచనన్నాను. దాచకపోవడం సరే, ఆమె చేతుల్లో పెరిగినదాన్ని ఆమె తిరిగి వచ్చేదాకా నిలపాలి కదా.

ఆ వారంలోనే బాయిలర్ పని కోసం మిల్లు మధ్యాహ్నానికే ఆపేశారు. పొద్దుండగానే ఇల్లు చేరి, తొట్టి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టైమర్ చిన్న చప్పుడు చేసింది, లైటు ఆరింది. చారల చేపలు నెమ్మదించాయి. నా ఏర్పాటు పనిచేస్తోందని సంతోషపడుతుండగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ట్యూబులైటు వేసింది. వాకిట్లో బల్బు వేసింది. చివరికి తొట్టి దగ్గరికి వచ్చి, టైమర్ మీది మీట నొక్కి ఆ లైటూ వేసింది. దానికీ ఒక దండం పెట్టి, తీరిగ్గా డబ్బా మూత తీసి బిళ్లలు వేసింది.

అవి ఇసుకను తాకీ తాకకముందే చారల చేపలన్నీ తలకిందులుగా వచ్చి పడ్డాయి. చిన్న జెల్ల రాయి చాటునుంచి బయటికొచ్చింది. మీసాలు ఆనించుకుంటూ వాసన పట్టుకుని అక్కడిదాకా వెళ్లింది. ఒక చారల చేప పక్కలో పొడవగానే వెనక్కి తిరిగి రాయి కిందికి దూరింది.

"అమ్మా, రోజు గిట్లనే చేస్తున్నవా?"

"మరెట్ల చెయ్యాలె? నువు చెప్పినట్టే ఏస్తున్న. లైటు ఆరుతదన్నవ్ గని, ఆ ప్లగ్గు కరాబైంది బిడ్డా, టైం తప్పి సరిగ్గ దీపాలేళకే బంద్ చేస్తది. నేనే మళ్ల ఏస్తున్న. దీపాలేళ దాటినంక కరెంటు దండుగని బంద్ చేస్త."

నేను రోజూ వచ్చేసరికి తొట్టి చీకటిగా ఉండేది అందుకన్నమాట.

"కరాబ్ గాలేదమ్మా. చీకటి గావాల్నని నేనే పెట్టిన."

అమ్మ నా వైపు వింతగా చూసింది. "దీపాలేళ ఇంట్ల ఎవలన్న చీకటి చేస్కుంటరారా? అదీ పిల్ల పురిటికి పోయినప్పుడు? అది గాడ మంచిగ రెండు ప్రాణాలయి లేవాలని నేను గీడ దీపం పెడుతుంటే, నువు మిషన్ పెట్టి ఆర్పుతున్నవా?"

అమ్మ వేసిన ప్రతి లైటూ కోదాడలో మంచం మీదున్న మనిషి కోసమే వేసింది. అయినా ఒరిగిన చేప కళ్లముందే ఉంది కాబట్టి అడిగాను.

"పోనీ, పడుకునే ముందు లైట్లన్ని ఆర్పినంక నేనే ఏస్త తియ్."

"ఆకలి దానికైతదా, నీకైతదా? నీకు తీరినప్పుడు పెడ్తవా? కోడలు ఏ ఏళకు అలవాటు చేసిందో ఆ ఏళకే తినాలె అవి. వచ్చినంక నన్నడుగుతది."

ఎక్కడ తప్పు జరుగుతోందో మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఈసారి వేళ్లు లెక్కపెట్టలేదు, చిన్నదాన్ని చూపించాను. అమ్మ వంగి అద్దానికి మొహం ఆనించి చూసింది. రాయి కింద మీసాలు మాత్రమే కనపడుతున్నాయి.

"అయ్యో, దీని పాడుగాను. ఎండుకపోయింది గదరా!"

లోపలికి వెళ్లి మెత్తటి పాత చీర ఒకటి తెచ్చింది. మడతపెట్టి తొట్టి పైనుంచి నాలుగు వైపులా దిగేలా కప్పింది. గాలి గొట్టం నలగకుండా నేను ఒక అంచు సర్దాను. హాలంతా వెలుగు, చీర కింద చీకటి.

"ఇల్లు చీకటి గావద్దన్న గని, గిన్నె మీద మూత పెట్టొద్దన్ననా?" అంది. "అసలు పసిపిల్లలు తినంగ కప్పే పెట్టాలె. అందరు సూస్తె దిష్టి తగుల్తది. నీ భార్య పొద్దున లేస్తే పొట్టలు సూపియ్యి, పొట్టలు సూపియ్యి అంటది. గట్ల సూస్తె నిండుతయా?"

చారల చేపలు సద్దుమణిగే వరకు ఆగి, అంచు కింద నుంచి చెయ్యి పెట్టి బిళ్లలు తనే వేసింది. నేను ఫోన్ లైటుతో ఒక్కసారి తొంగి చూడబోతే నా చేతి మీద ఒక్కటేసింది.

"పో అవతలికి. తిననియ్యి."

ఆ మర్నాడు పొట్టల్లో తేడా ఏమీ కనపడలేదు. కోదాడకు ఉన్నదున్నట్టు చెప్పాను. టైమర్ సంగతి, దీపం సంగతి, చీర సంగతి, చిన్నది ఇంకా తేరుకోలేదన్న సంగతి. ఆమె అన్నీ విని, "దాచలేదు కదా," అని మాత్రం అంది. తర్వాత ఒక్కొక్కటిగా నాలుగూ తేరుకున్నాయి. చిన్నది అన్నిటికంటే ఆలస్యం చేసింది. ఒక పొద్దున నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా అది అద్దం మీదికి ఎగబాకి వేలాడింది. పొట్ట శనగ గింజంత గుండ్రంగా ఉంది. బస్సు సంగతి మరిచిపోయి కోదాడకు ఫోన్ కలిపాను.

"ఇంకొంచెం కిందికి... ఆ, అక్కడే ఉంచండి, కదపొద్దు..." ఆమె చాలాసేపు చూసింది. "అమ్మయ్యా." కళ్లు తుడుచుకుని మళ్లీ ఫోన్‌లోకి వంగింది. "తొట్టి మీద మడిచిపెట్టిందేంటండీ? అది అత్తయ్య పుట్టబోయేవాళ్లకని ఉతికి దాచిన చీర కదూ?"

నాకు తెలియదు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఇంక మూడున్నయి తియ్యే. ముందుగాల వచ్చినోళ్లకు ముందుగాల."

"దానికి చేపల వాసన పడుతుంది అత్తయ్యా!"

"పడితె పడనియ్యి. నీ బిడ్డనే గదా, అలవాటు గావాలె," అంది అమ్మ.