కుంట మీద తేలే డబ్బా

తెలంగాణ ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను సీనియర్ సైంటిస్టుగా మహబూబ్‌నగర్ కాలుష్య పరీక్షల ప్రయోగశాలలో వేశారు. చేతికొచ్చిన మొదటి ఫిర్యాదు షాద్‌నగర్ దగ్గరి ఒక పల్లెది. మందుల ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కుంట పక్కనున్నవాళ్లకు ఎండ ముదిరేకొద్దీ తలనొప్పి, కళ్ల మంట.

అప్పటికే తనిఖీలు జరిగాయి. కుంట నీళ్లూ, ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి వచ్చే గాలీ పరిమితి లోపలే ఉన్నాయని తేల్చారు. ఫిర్యాదు చేసిన ఖాజాబీ ఇల్లు కుంట గట్టునే.

"నీళ్లల్ల లేదంటరు, గాలిల లేదంటరు. మరి మా ఇంట్లకు గీ వాసన ఏడికెల్లి వస్తాంది మేడం? మా కోడలు పసిపిల్లను తీస్కొని తల్లిగారింటికి పోయింది," అన్నది.

ఫ్యాక్టరీలో వాడే ద్రావకం నీళ్లలో నిలవదు. ఎండకు గాలిలోకి లేస్తుంది. సీసా మూత సరిగా బిగించకపోతే ప్రయోగశాల చేరేలోపే ఎగిరిపోతుంది. కొలవాల్సింది నీటి మీది నుంచి ఎంత లేస్తోందన్నది. అందుకు అడుగు లేని స్టీలు డబ్బాను టైరు ట్యూబు మీద కుంటలో తేలించి, ఒకవైపు నుంచి శుభ్రమైన గాలి పంపి, రెండోవైపు వచ్చే గాలిని బొగ్గు నింపిన గాజు గొట్టంలోకి లాగుతాం. ద్రావకం బొగ్గుకు పట్టుకుంటుంది, దాన్ని ప్రయోగశాలలో కొలుస్తాం.

పై అధికారి ఒప్పుకోలేదు. ఇది మన పద్ధతిలో లేదు, ఫ్యాక్టరీవాళ్లు కోర్టుకు పోతారన్నాడు. పోనివ్వండి, అక్కడా ఇదే చెప్తానన్నాను.

ఆయన ఒప్పుకోకున్నా, కుంటలో తేలించిన డబ్బాకు తాళ్లు కట్టి గట్టు మీద నుంచే నిలిపాం. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు.

"ఇదంత ఎందుకు మేడం? మీ శాంపిల్ మీరు తీస్కొని పోరాదు?"

"నా శాంపిలే తీస్తున్న," అన్నాను.

నీటి మీది నుంచి లేచే ద్రావకం పొద్దున కొద్దిగా ఉన్నది మధ్యాహ్నానికి ఎన్నో రెట్లయింది. నివేదికలోంచి ఆ కొలతల పేజీలు తీసేసి సంతకం పెట్టమన్నాడు పై అధికారి. అవి లేకుంటే నా సంతకమూ ఉండదన్నాను. నన్ను నల్లగొండకు బదిలీ చేశారు. పోయేముందు, ఆ పేజీలతోనే సంతకం పెట్టిన నివేదిక ప్రతిని ఖాజాబీ చేతికిచ్చాను; ఫిర్యాదుదారుగా అది ఆమె హక్కు. ఆమె దాన్ని పట్టుకొని కలెక్టరు ముందు నిలబడింది. విచారణలో ఫ్యాక్టరీ తరఫు నిపుణుడూ డబ్బా తేలించక తప్పలేదు. అతనికీ అదే తేలింది. కుంటకు వచ్చే పైపు మూసేసి, లోపలే మూత ఉన్న ట్యాంకు కట్టుకున్నారు. నా బదిలీ రద్దు కాలేదు, నేనూ అడగలేదు.

పద్ధతిలో లేదని ఒకచోట కొలవకుండా వదిలేస్తే, అక్కడ ఏమీ లేదని రాసే అధికారం మనకు ఉండదు. కొలవలేదని మాత్రమే రాయాలి.